‘ఇల్లు’ అని నింపిన గడి

పోయిన వారం టైలరమ్మను బీమా శాఖ ఆఫీసు మెట్ల మీద వదిలేసి వచ్చాం. కుడి చేతిని ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, వణుకు ఎవరి కంటా పడకుండా నిలబడి ఉంది. ఆమెను ఆ మెట్ల దాకా తెచ్చింది ఒక ఫోను. "మా సేవలు ఎలా ఉన్నాయండీ?" అని బీమా కంపెనీ అమ్మాయి తీయగా అడిగితే, ఈవిడ పొంగిపోయి, "బ్రహ్మాండంగా ఉన్నాయమ్మా! కారులో కూర్చునే డాక్టరుకి చూపించుకుంటున్నాను. బంకాయన మాకోసం నీడలో చోటు కూడా అట్టిపెడతాడు" అని చెప్పేసింది. పది రోజులు తిరక్కుండా ఉత్తరం వచ్చింది. ఇకమీదట ఆ వైద్యానికి పాలసీ వర్తించదని. దాని మీద ఫిర్యాదు పెట్టుకుంటే బీమా శాఖవారు విచారణకు రమ్మన్నారు.

కారులో చూపించుకోవడమేమిటి అని కొత్తగా చదివేవారికి అనిపించవచ్చు. ఏటికి ఇటు ఒక రాష్ట్రం, అటు ఒక రాష్ట్రం. టైలరమ్మ ఇల్లు ఇటు, నరాల డాక్టరమ్మ అటు. వీడియోలో వైద్యం చేసేటప్పుడు రోగి ఏ రాష్ట్రంలో కూర్చుని ఉంటే ఆ రాష్ట్రం లైసెన్సు డాక్టరుకు ఉండాలని చట్టం. డాక్టరమ్మకు అటు లైసెన్సు ఒక్కటే ఉంది. ఇటు దానికి దరఖాస్తు పెట్టి ఏడాది దాటింది. పోనీ క్లినిక్‌కే వెళదామంటే వంతెన దాటాక ఇంకా ఆరు గంటల ప్రయాణం. ఇటు పక్కన ఉన్న ఒకే ఒక్క నరాల వైద్యుడి దగ్గర పేరు రాయించుకుంటే ఏడు నెలలకు పిలుస్తారు. అందుకని నెలకోసారి టైలరమ్మ, ఆమె భర్త కారు వేసుకుని వంతెన దాటి, అవతల మొదటి పెట్రోలు బంకు పక్కన ఆపి, ఫోనును స్టీరింగుకు ఆనించి డాక్టరమ్మకు చూపించుకునేవారు. భర్త దిగి, కారు చుట్టూ ఎవరూ హారను కొట్టకుండా కాపలా కాసేవాడు. బంకులో అతనికి ‘ఆస్పత్రి డ్రైవరు’ అని పేరు కూడా పడిపోయింది.

ఇక ఇవాళ్టి సంగతి.

మెట్ల మీద నిలబడ్డ టైలరమ్మ వెనక నుంచి ఒక గొంతు వినిపించింది.

"ఇప్పుడు ఎక్కడున్నారమ్మా?"

టైలరమ్మ గిరుక్కున తిరిగింది. ఆ ప్రశ్న, ఆ గొంతు ఆమెకు పదకొండు నెలలుగా తెలుసు. మనిషిని మాత్రం ఎప్పుడూ చూడలేదు. భుజానికి గుడ్డ సంచీ, నలిగిన చీర, ముడివేసిన సగం నెరిసిన జుట్టు. చిన్న మనిషి. డాక్టరమ్మ క్లినిక్‌లో ఫారాలు నింపే గుమాస్తా. పొద్దస్తమానం గడులు నింపుతుంది కనక అక్కడ అందరూ ఆమెను గడులక్క అంటారు.

"నువ్వేనా అక్కా! గొంతు వింటే ఆరడుగుల మనిషివనుకున్నాను."

"ఫోనులో అందరం పొడుగే అమ్మాయ్. ఏదీ, చెయ్యి చూపించు."

టైలరమ్మ చెయ్యి వదిలింది. వేళ్ళు సన్నగా వణికాయి. గడులక్క ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని చూసింది.

"మొదట్లో వచ్చిన కాగితాల్లో ఇంతకన్నా ఎక్కువ రాశారు. చాలా తగ్గింది."

"తగ్గబట్టేగా అక్కా మళ్ళీ సూదిలో దారం ఎక్కిస్తున్నాను. ఇప్పుడు ఆపేస్తామంటే నేనేమైపోవాలి?"

"ఆరు గంటలు బస్సులో వచ్చారు. ముందు టీ తాగండి అక్కయ్యగారూ" అని భర్త మధ్యలో గ్లాసు పట్టుకొచ్చాడు. అంతలో గడులక్క సంచీలో ఫోను మోగింది. క్లినిక్ మేనేజరు.

"నువ్వు అక్కడ ఎక్కువ మాట్లాడకు. ఫారంలో ఆ ‘ఇల్లు’ గడి ఎవరు నింపారని అడిగితే కంప్యూటరు అలా తీసుకుందని చెప్పు."

"కంప్యూటరు వచ్చి సాక్ష్యం చెప్పదు కదండీ. వచ్చింది నేను."

"తెలివిగా మాట్లాడకమ్మా. నీ ఉద్యోగం సంగతి చూసుకో."

"చూసుకుంటానండీ. టీ చల్లారిపోతోంది, ఉంటాను."

ఆమె భయపడలేదని రాస్తే అబద్ధం రాసినట్టు. గ్లాసు పట్టుకున్న చేతులు ఆవిడవి కూడా వణికాయి. టైలరమ్మ అది చూసి, ఆ దిగుల్లోనూ నవ్వింది. "నీకూ డాక్టరమ్మ కావాలక్కా!"

విచారణ గది చిన్నది. పొడవాటి బల్ల, అటు మూడు కుర్చీలు, ఇటు మూడు. గోడకు పెద్ద స్క్రీను. దాని మీద, ఆరు గంటల దూరంలో తన గదిలో కూర్చున్న డాక్టరమ్మ. బల్ల కొసన విచారణాధికారి. జలుబు చేసిందేమో, ముక్కు తుడుచుకుంటూ ఉన్నాడు. 

"డాక్టరుగారూ, మీరు మా రాష్ట్రంలోకి స్క్రీను మీద వచ్చారు. సాక్ష్యం చెప్పడానికి లైసెన్సు అక్కర్లేదు, కంగారు పడకండి" అన్నాడు.

"మీ జలుబుకు మందు మాత్రం అడక్కండి సార్, చెప్పకూడదు" అంది డాక్టరమ్మ. టైలరమ్మ భర్త గట్టిగా నవ్వి, నవ్వకూడదేమోనని నోరు మూసుకున్నాడు.

అధికారి ముందు వైద్యం గురించి అడిగాడు. వీడియోలో నరాల జబ్బు ఏం తెలుస్తుందని. డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. రోగి చేతులు చాపమంటుంది, ముక్కు ముట్టుకోమంటుంది, కాగితం మీద నత్త గుల్లలాగా సున్నాలోంచి సున్నా గీయమంటుంది. ఆ గీత ఎక్కడెక్కడ వణికిందో చూస్తే మందు ఎంత పని చేస్తోందో తెలుస్తుంది. మొట్టమొదటిసారి గీత మరీ ఘోరంగా వచ్చిందట. మందు పెంచబోయి ఆగి, ‘ఇంజను ఆపండి’ అందట డాక్టరమ్మ. వీళ్ళు చల్లగా ఉంటుందని ఏసీ వేసుకుని, ఇంజను ఆడుతుండగా గీశారు. ఆపాక చూస్తే సగం వణుకు కారుది.

"మందు మానేస్తే?" అని అడిగాడు అధికారి.

"మూడు నెలల్లో సూదిలో దారం ఎక్కించలేదు. ఆ తర్వాత మంచినీళ్ళ గ్లాసు కూడా పట్టుకోలేదు."



కంపెనీ వకీలు లేచాడు. కుర్రవాడే, మాట చురుకు. అతని వాదనలో కోపం లేదు. కూడికలు చెప్పే మాస్టారిలా చెప్పుకుపోయాడు.

"అయ్యా, పదకొండు ఫారాల్లో రోగి ఉన్న చోటు ‘ఇల్లు’ అని ఉంది. ఈవిడ ఇల్లు ఈ ఒడ్డున. ఇంట్లోనే ఉంటే డాక్టరుగారికి ఇక్కడ లైసెన్సు లేదు కనక ఆ వైద్యమే చెల్లదు. లేదు, అవతల కారులో ఉన్నారంటారా? కారు మా జాబితాలో లేదు కనక పాలసీ వర్తించదు. ఎటు చూసినా కంపెనీ బాధ్యత లేదు."

టైలరమ్మ ఆ మాటలు విని భర్త వైపు వంగింది. "ఏమండీ, నేను ఎక్కడ కూర్చుంటే వీళ్ళకి బాగుంటుంది?"

మెల్లగానే అంది గానీ గది చిన్నది. అధికారి తల వంచుకుని ఫారాలు తిప్పాడు.

"ఈ గడి నింపింది ఎవరు?"

గడులక్క లేచి నిలబడింది. "నేనేనండీ."

"కూర్చుని చెప్పొచ్చమ్మా."

"తప్పు ఒప్పుకునేటప్పుడు నిలబడితేనే నాకు బాగుంటుందండీ." చీర కొంగు భుజం మీదికి లాక్కుంది. "ఫారంలో రోగి ఉన్న చోటుకు నాలుగు గడులే ఉంటాయి. ఆసుపత్రి, క్లినిక్, ఇల్లు, బడి. ఏదో ఒకటి నొక్కకపోతే ఫారం ముందుకు కదలదు. కారు ఆసుపత్రి కాదు, బడీ కాదు. నాలుగిట్లో ఏది చిన్న అబద్ధమా అని చూసి ‘ఇల్లు’ నొక్కాను. మొదటిసారి చెయ్యి ఆగింది. తర్వాత్తర్వాత ఆగలేదు. మీ నాలుగు గడుల్లో మా రోగి పట్టడం లేదు, ఏం చెయ్యమంటారని కంపెనీకి ఒక ముక్క రాయాల్సింది. రాయలేదు. అది నా తప్పు."

"డాక్టరుగారు చెబితే నొక్కారా?"

"లేదండీ. ఆవిడ రోగులను చూస్తారు. గడులు నేను చూస్తాను."

"ఇలా తప్పు నింపినవాళ్ళు ఇకమీదట ఏ బీమా ఫారమూ నింపకుండా ఆపే అధికారం నాకుంది. తెలుసా?"

"తెలుసండీ. అది మీ బీమా చట్టం పదిహేడో పేజీలో ఉంది."

స్క్రీను మీద డాక్టరమ్మ ఏదో అనబోయింది. గడులక్క అటు తిరిగి, మీరు ఊరుకోండి అన్నట్టు చెయ్యి చూపించింది. తన యజమానురాలిని అలా ఆపగలిగిన గుమాస్తాను నేనైతే ఇంకొకరిని చూడలేదు. డాక్టరమ్మ ఊరుకుంది కూడా.

తర్వాత గడులక్క సంచీలోంచి ఒక కాగితాల కట్ట తీసింది. పదకొండు చీటీలు, దారంతో కట్టినవి. ఇక్కడ ఆమె పని గురించి నాలుగు మాటలు చెప్పాలి. ఏ రోగి వీడియోలోకి వచ్చినా డాక్టరు కంటే ముందు ఫోను ఎత్తేది ఆవిడే. ‘ఎలా ఉన్నారు’ అనడానికి ముందే ‘ఇప్పుడు ఎక్కడున్నారు’ అని అడుగుతుంది. ఒక ముసలాయన ‘మంచం మీద’ అన్నాడట. ‘అది కాదు నాన్నా, మంచం ఏ రాష్ట్రంలో ఉంది?’ అని అడిగి, జవాబు వచ్చాకే డాక్టరుకు కలిపింది. చెప్పిన జవాబును చెప్పినట్టు చీటీ మీద రాసి, తేదీ, వేళ వేసి, సంతకం పెట్టి దాచుతుంది. అలా చెయ్యమని క్లినిక్‌లో ఎవరూ చెప్పలేదు. చట్టం చదివి తనే మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక అందరూ కబుర్లలో పడితే, ఆవిడ ఒక్కో వాక్యం కింద స్కేలు పెట్టుకుని, అర్థమయ్యేదాకా స్కేలు కిందికి జరపకుండా చదువుతుంది. రెండు రాష్ట్రాల చట్టాలూ అలాగే చదివింది. ఎన్ని మధ్యాహ్నాలు పట్టి ఉంటాయో మీరే ఊహించుకోండి.

"కంపెనీ ఫారంలో ‘ఇల్లు’ అని రాశాను. నా చీటీలో ‘బంకు పక్కన కారు, అవతలి ఒడ్డు’ అని రాశాను. రెండూ మీ ముందు పెడుతున్నానండీ."

వకీలు ముఖం వెలిగిపోయింది. "కారు అని వాళ్ళే ఒప్పుకున్నారు. కారు జాబితాలో లేదు. నేనిక చెప్పాల్సింది లేదు" అని కూర్చోబోయాడు.

"ఒక్క మాట అడగొచ్చా బాబూ?" అంది గడులక్క.

"అడగండి."

"ఆ జాబితా ఎవరు రాశారు?"

"కంపెనీ."

"చట్టం కాదు కదా?"

"చట్టానికి లోబడే..."

"అయ్యా, మీ రాష్ట్రం బీమా చట్టంలో దూరవైద్యం అధ్యాయం ఉంది. మూడో సెక్షను చూస్తారా?" పుస్తకం తెరవలేదు. కళ్ళు కొంచెం పైకెత్తి, స్కేలు పెట్టుకుని చదివినంత నెమ్మదిగా చెప్పింది. "ఎదురుగా కూర్చోబెట్టి చేస్తే పాలసీ వర్తించే వైద్యాన్ని, దూరం నుంచి చేశారన్న కారణంతో కాదనరాదు. వైద్యం అందే వేళకు రోగి ఉన్న స్థలం ఫలానాది అన్న ఒక్క కారణంతోనూ కాదనరాదు."

వకీలు గబగబా తన పుస్తకం తిప్పాడు. "రెండో వాక్యం లేదండీ! మొదటిది ఉంది. రెండోది ఈవిడ కల్పించింది."

అధికారి తన బల్ల మీది పుస్తకం తెరిచి, ముక్కు తుడుచుకుని, వేలితో వెతికాడు. చాలాసేపు వెతికాడు.

"ఉంది" అన్నాడు అధికారి. "రెండేళ్ళ కిందట సవరించారు. మీరు పాత పుస్తకం పట్టుకొచ్చినట్టున్నారు వకీలుగారూ."

వకీలు తన పుస్తకం అట్ట చూసుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. 

"మీరు లాయరు చదివారామ్మా?" అని అడిగాడు అధికారి.

"లేదండీ. గడులు నింపుతాను."

ఆ జవాబులో అతి వినయం లేదు, గొప్పా లేదు. ‘బట్టలు కుడతాను’ అని టైలరమ్మ చెప్పుకునేటట్టే చెప్పింది. ఏ పని చేస్తున్నామో దాన్ని అడుగు దాకా తెలుసుకున్న మనిషికే అలా చెప్పడం చేతనవుతుంది. అధికారి ఆమెను ఒక క్షణం తేరిపార చూసి కలం మూత తీశాడు.

"తప్పు నింపినందుకు మీకు హెచ్చరిక రాస్తాను. అది రాయక తప్పదు. రోగి సంగతి వేరు. రోగి చట్టప్రకారం అవతలి ఒడ్డునే ఉంది, లైసెన్సు ఉన్న డాక్టరే చూసింది. కారు అయినంత మాత్రాన కంపెనీ కాదనడానికి వీల్లేదు. పదకొండుసార్లూ..."

టైలరమ్మ పక్కనే నిలబడి ఉన్న గడులక్క చెయ్యి పట్టుకుంది.

అధికారి తేదీలు ఎక్కించుకోవడానికి చీటీలు ఒక్కొక్కటే తిప్పుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఏడో చీటీ దగ్గర చెయ్యి ఆగింది. కాగితాన్ని దగ్గరగా పెట్టుకుని చూశాడు.

"ఈ తేదీన కూడా బంకు దగ్గరే ఉన్నానని చెప్పిందా?"

"అవునండీ. చెప్పిందే రాస్తాను" అంది గడులక్క.

"మా అమ్మాయి ఇల్లు అవతలి ఒడ్డునే. ఆ రోజు మనవరాలికి ఒంట్లో బాగా లేదంటే బయల్దేరి, వంతెన దగ్గర నుంచి వెనక్కి వచ్చేశాను. మరమ్మతులని రెండు రోజులు మూసేశారు. నడిచి వెళ్ళేవాళ్ళను కూడా పోనివ్వలేదు." అధికారి కలం పక్కన పెట్టి, టైలరమ్మ వైపు చూశాడు. గొంతులో కరుకుదనం లేదు. ఉంటేనే బాగుండేదేమో. "అమ్మా, ఆ రోజు మీరు వంతెన ఎలా దాటారు?"

టైలరమ్మ భర్త వైపు చూసింది. భర్త తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

గడులక్క నెమ్మదిగా పక్కకు తిరిగింది. పదకొండు నెలలుగా ప్రతిసారీ అదే ప్రశ్న అడిగి, వచ్చిన జవాబును నమ్మి రాసుకుంది. గొంతు మాత్రమే విన్నది కనక చూసే వీల్లేదు. ఇప్పుడు చూస్తోంది. కోప్పడలేదు. "అమ్మాయ్" అంది, అంతే.

వకీలు నిటారుగా కూర్చున్నాడు. ఆ ఒక్కరోజు ఆమె ఇంట్లో ఉండి ఉంటే అది గడి తప్పు కాదు. లైసెన్సు లేని చోట వైద్యం చేసినట్టు. అది పోయేది డాక్టరమ్మ మీదికి. టైలరమ్మకు ఆ సంగతి ఆ నిమిషంలోనే పూర్తిగా అర్థమైంది. తన చేతులు బాగుచేసిన మనిషి చేతులు కట్టేస్తుంది తన జవాబు. నోరు తెరిచింది. ఏం చెప్పబోయిందో, నిజమో అబద్ధమో, ఆమెకే తెలియదు.

"ఆవిడను అడక్కండి" అన్న మాట గోడ మీంచి వచ్చింది.

అందరూ స్క్రీను వైపు తిరిగారు. డాక్టరమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఆ రోజు ఆవిడ ఇంట్లోనే ఉంది. మా గుమాస్తాకు తెలియదు. నాకు తెలుసు. ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకుంది గానీ, వెనక హ్యాంగర్లకు ఆరేడు చొక్కాలు వేలాడుతున్నాయి. కారులో అన్ని చొక్కాలు వేలాడవు."

"డాక్టరుగారూ" అన్నాడు అధికారి నెమ్మదిగా, "మీరు చెప్పేది మీ లైసెన్సు గురించి. తెలిసే చెబుతున్నారా?"

"తెలుసు సార్. ఆ రోజూ తెలుసు."

వకీలు అప్పటికే లేచాడు. ఈసారి మాటలో మాస్టారి నిదానం లేదు. "ఇది ఇక బీమా విచారణ కాదండీ. సాయంత్రం లోపు వైద్య మండలికి రాస్తాను."

"తప్పకుండా రాయండి" అంది డాక్టరమ్మ. "ఫోను ఎందుకు పెట్టెయ్యలేదో కూడా రాయండి. ఆ రోజు ఆ ముఖంలో నేను ఏం చూశానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆవిడకు కూడా."

టైలరమ్మ తల ఎత్తింది.

అధికారి పక్కన పెట్టిన కలాన్ని మళ్ళీ అందుకుని, కొత్త కాగితం ముందుకు లాక్కున్నాడు.

"చెప్పండి" అన్నాడు.